తలకట్టు

వయాలా కౌన్సిల్ ఆఫీసులో, మూడో కిటికీ పక్కన,
ఇంటిపన్ను బాకీ ఉన్నవాళ్లు
నాలుగువేల మూడువందల పదహారు మంది
నా తెర మీద ఒక్కసారిగా అరుస్తున్నారు.

అరుస్తున్నారని ఎందుకన్నానంటే
అన్నీ పెద్దక్షరాలే, పేరు మొదట్నుంచి కొసదాకా.
పాత బిల్లింగ్ మిషనుకి చిన్నక్షరాలు రావు.
ఆ గోల మీకు చూపిద్దామంటే
ఈ లిపిలో గొంతు పెంచే వీల్లేదు.
రాజుకీ రోకలికీ ఒకటే ర.

"కాస్త నెమ్మదిగా పిలుద్దాం వీళ్లని," అంది
సూపర్‌వైజర్ బ్రెండా కలహన్
(పేరులో కలహముంది గానీ మనిషి వెన్న).
"ఉత్తరం ఎలాగూ చేదే. పేరైనా మామూలుగా ఉండనీ."

పక్కన కొత్త నిలువు వరస తెరిచాను.
సమానం గుర్తు, ప్రాపర్, బ్రాకెట్లో ఏ-రెండు.
గడి మూలనున్న చుక్కని రెండుసార్లు తట్టగానే
జరజరా కిందికి పాకింది మర్యాద.
ఒక్కో పేరులో ముందక్షరం నిలబడింది, మిగతావి కూర్చున్నాయి,
ఇన్‌స్పెక్టరు వచ్చిన తరగతిలో
లీడరొక్కడే లేచినట్టు.

తొందరపడి పాత వరస తుడిచేశాను,
విలువలుగా అతికించకముందే.
తల్లి గడి పోయిందని
నాలుగువేల పిల్లగడులూ ఒకటే ఏడుపు: రెఫ్, రెఫ్, రెఫ్.
కంట్రోల్ జెడ్ అనే దేవుడున్నాడు కాబట్టి బతికాను.

ఉత్తరాలు వెళ్లిన వారానికి
కౌంటరు దగ్గరికొచ్చింది హెన్నీ డ గ్రూట్.
ఎనభై దాటిన మనిషి. చెక్కుతోపాటు కవరూ తెచ్చింది.
"డబ్బు కట్టేస్తాను. ఈ డ పెద్దది చేసిందెవరు?
మాది చిన్న డ. ఓడ దిగినప్పుడూ చిన్నదే,
స్టీలు ప్లాంటులో మా ఆయన టోపీ మీదా చిన్నదే.
దాన్ని లేపి నిలబెడితే
వరసలో ముందుకి తోసుకొచ్చినట్టుంటుంది."

ఆవిడ వెనక మెక్‌గిలివ్రే. ఆయనది అటు తిప్పిన ఫిర్యాదు:
నడుమనున్న గ పెద్దది, తాతలనాటిది,
దాన్నెందుకు కూర్చోబెట్టారని.
మూడో ఆయనది సెయింట్ జాన్స్ వీధి.
కామాలాంటి ఆ కొక్కెం దాటగానే
చివరి స
ఎవరూ పిలవకుండానే లేచి నించుంది.

సూత్రానికేం తెలుసు.
అక్షరం కానిదేదైనా తగిలితే తర్వాతిదాన్ని లేపమన్నారు,
లేపింది.

అరవైఒక్క పేర్లు చేత్తో దిద్దాను.
సాయంత్రం, కిటికీ అద్దం మీద ఎర్రదుమ్ము.
బ్రెండా కుర్చీ జరుపుకుని అడిగింది:
"మీ భాషలో ఏ అక్షరాన్ని పెద్దది చేస్తారు?"
ఏదీ చెయ్యం అన్నాను. దేవుడిక్కూడా చెయ్యం.
మర్యాద మాకు పేరు వెనకాల వస్తుంది, గారు అని,
అదీ ఎదుటివాళ్లు పెడితేనే.

నమ్మలేదు.
పసుపు చీటీ మీద ఆమె ఇంటిపేరు రాసిచ్చాను: కలహన్.
క మీది గీతని వేలితో తాకింది.
"టిక్కు పెట్టావే. పాసా?"
హ మీదా చూసింది, సంతోషించింది.
నడుమ ల దగ్గర ఆగింది.
"ఇది తప్పిందా, పాపం?"

లేదు బ్రెండా. అది పుట్టుకతోనే తలకట్టు లేనిది.
బోడితలతోనే పలుకుతుంది, పూర్తిగా.

"దాన్నెవరూ దిద్దరా?"

దిద్దరు.

చీటీని తన తెర అంచుకి అంటించుకుంది.

ఒకటో తారీకున మిషను నుంచి కొత్త జాబితా.
మళ్లీ అందరూ అరుస్తూ, డ గ్రూట్ గారితో సహా.
సమానం గుర్తు కొట్టబోయి ఆగాను.
ముందు ఆవిడ గడి వెతికి
ఆ డకి కుర్చీ వేశాను.